పాత స్పోర్ట్స్ కారులో ఉన్నది దాని సొంత ఇంజనేనా? తేల్చుకోవడం ఎలా

పాత స్పోర్ట్స్ కారు అమ్మేవాళ్లు "ఒరిజినల్ ఇంజనే అండీ" అంటారు. అది అబద్ధం కాకపోవచ్చు. కాకపోతే ఆ మాటకి మూడు అర్థాలున్నాయి. ఒకటి, ఫ్యాక్టరీలో ఈ కారులోనే బిగించి, ఈ కారుతోనే గేటు దాటి బయటికొచ్చిన ఇంజన్. రెండోది, అదే రకం, అదే కాలం నాటిది, కానీ ఇంకో కారులోంచి తీసుకొచ్చి పెట్టింది. మూడోది, ఆ కంపెనీదే, పైకి అచ్చం అలాగే ఉంటుంది, కానీ తర్వాతి మోడల్‌దో, మామూలు సెడాన్‌దో. "మ్యాచింగ్ నంబర్స్" అనే మాట మొదటి దానికే చెల్లుతుంది. ధరలో పెద్ద తేడా వచ్చేది కూడా అక్కడే, కాబట్టి మోసం జరిగేదీ అక్కడే. అందుకే ముందుగా అడగండి: "ఈ మూడింట్లో ఏదండీ?" కొంతమంది జవాబు చెప్పేముందు కాసేపు ఆగుతారు. ఆ ఆగడాన్ని గుర్తుపెట్టుకోండి.

ఇంజన్ మీది నంబర్, కాగితాల్లో ఉన్న నంబర్ ఒకటే అయ్యాయి కదా అని సంతోషపడి తిరిగొచ్చేస్తే సగం పనే చేసినట్టు. అంకెల పంచ్‌ల సెట్టు, ఒక సుత్తి ఉంటే నంబర్ ఎవరైనా గుద్దగలరు. నంబర్ కింద ఉన్న లోహాన్ని, బ్లాక్ (సిలిండర్లుండే ఇంజన్ ప్రధాన భాగం) పోత పోసిన తేదీని, అమ్మేవాడి చేతిలో లేని ఫ్యాక్టరీ రికార్డుని మార్చడం మాత్రం అంత సులువు కాదు. మీ సమయం ఎక్కువగా వీటి మీద పెట్టండి.

కారు దగ్గరికి వెళ్లకముందు

ముందు కాగితాల పని. ఫ్యాక్టరీ రికార్డు దొరికే కార్లయితే మీ పని సగం తేలికైనట్టే. జాగ్వార్‌కి జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ఇచ్చే సర్టిఫికెట్‌లో ఛాసిస్, ఇంజన్, గేర్‌బాక్స్, బాడీ నంబర్లు నాలుగూ ఉంటాయి. ఎంజీ లాంటి బ్రిటిష్ కార్లకి గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్ట్ పాత లెడ్జర్లు చూసి సర్టిఫికెట్ ఇస్తుంది. పోర్షకి కార్డెక్స్ అనే ఫ్యాక్టరీ కార్డు, మెర్సిడెస్‌కి డేటా కార్డు ఉంటాయి. ఫెరారీ కంపెనీ 2006 నుంచి క్లాసికే అనే విభాగం ద్వారా తన పాత కార్లను తనే పరీక్షించి సర్టిఫై చేస్తోంది.

ఏ సర్టిఫికెట్ అయినా యజమాని చేత కొత్తగా అప్లై చేయించి తెప్పించుకోవడం మంచిది. ఫైల్లోంచి తీసి చూపించిన జిరాక్స్‌ని నేను లెక్కలోకి తీసుకోను.

అమెరికన్ కార్ల సంగతి వేరు. షెవ్రొలెట్ కార్వెట్‌కి ఇంజన్ నంబర్‌తో సహా రాసిచ్చే అలాంటి సర్టిఫికెట్ మీద ఆశ పెట్టుకోకండి. 1967 మోడల్ నుంచి పెట్రోల్ ట్యాంక్ పైన అంటించిన బిల్డ్ షీట్, దాన్నే ట్యాంక్ స్టికర్ అంటారు, దొరికితే అదృష్టం. అందులో కారుకి ఏ ఇంజన్ ఆర్డర్ చేశారో ఉంటుంది. ట్యాంక్ దించితే తప్ప సరిగా కనిపించదు, కనిపించినా సగం చిరిగి ఉండొచ్చు. కొత్తగా ప్రింట్ చేసి అంటించినవీ ఉంటాయి. ఫోర్డ్ ముస్తాంగ్‌కి 1967 మోడల్ నుంచి ఫ్యాక్టరీ రికార్డుల ఆధారంగా ఇచ్చే మార్టీ రిపోర్ట్ దొరుకుతుంది. ఏ ఇంజన్‌తో, ఎప్పుడు తయారైందో అందులో తెలుస్తుంది.

ఛాసిస్ నంబర్ కూడా ఒకసారి అక్షరం అక్షరం విడదీసి చదవండి. అరవైల నాటి ముస్తాంగ్‌లో ఐదో అక్షరమే ఇంజన్ కోడ్. అక్కడ 'కే' ఉంటే 289 (క్యూబిక్ అంగుళాల్లో ఇంజన్ సైజు) హై పెర్ఫార్మెన్స్, 'ఏ' ఉంటే నాలుగు బారెళ్ల కార్బ్యురేటర్ ఉన్న మామూలు 289, 'సీ' ఉంటే రెండు బారెళ్లది. కాబట్టి 'సీ' కారులో 'కే' ఇంజన్ కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, అది తర్వాత పెట్టిందే. కార్వెట్‌లో మాత్రం 1971 దాకా ఛాసిస్ నంబర్ ఇంజన్ గురించి ఒక్క ముక్క చెప్పదు. పెద్ద ఇంజన్ వచ్చిన కారుకీ మామూలు కారుకీ నంబర్లు ఒకే తీరులో ఉంటాయి. కార్వెట్‌లో దొంగ స్టాంపుల గొడవ ఇంతగా వినపడటానికి ఇదొక కారణం.

చేతిలో ఏముండాలి, ఎలా శుభ్రం చేయాలి

మంచి టార్చ్, భూతద్దం, పొడుగాటి పిడి ఉన్న చిన్న అద్దం, మెత్తటి బ్రష్, బ్రేక్ క్లీనర్, పాత గుడ్డలు, పల్చటి తెల్ల కాగితం, మెత్తటి పెన్సిల్. ఫోన్‌కి తగిలించే చిన్న కెమెరా ఉంటే ఇంకా మంచిది, కొన్ని నంబర్లు చెయ్యి దూరనిచోట ఉంటాయి.

యాభై ఏళ్ల జిడ్డు ఒక్క తుడుపుకి పోదు. బ్రేక్ క్లీనర్ కొట్టి, రెండు నిమిషాలాగి, బ్రష్‌తో మెల్లగా రుద్ది, గుడ్డతో తుడవండి. అవసరమైతే మళ్లీ కొట్టండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం వద్దు, క్లీనర్‌కి నిప్పంటుకుంటుంది. వైర్ బ్రష్, ఎమరీ పేపర్ దగ్గరికి కూడా రానివ్వకండి. అవి మట్టితో పాటు మీరు చూడాల్సిన సాక్ష్యాన్ని కూడా గీకేస్తాయి. 1968 తర్వాతి పాత పోర్ష 911ల క్రాంక్‌కేస్ (క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ ఉండే ఇంజన్ పెట్టె) చాలావరకు మెగ్నీషియంది, దాని మీద ఆమ్లం ఉన్న క్లీనర్ అసలు వాడకూడదు. కారు మీది కాదు కాబట్టి ఇవన్నీ యజమానిని అడిగి, ఆయన ఎదురుగానే చేయండి. "శుభ్రం చెయ్యొద్దండీ" అంటే మాత్రం ఎందుకో అడగాల్సిందే.

శుభ్రం చేశాక టార్చ్‌ని సూటిగా కొట్టకండి. వెలుగు పక్కనుంచి, లోహాన్ని రాసుకుంటూ వెళ్లేలా పట్టుకోండి. సూటి వెలుగులో అంకెలు మాత్రమే కనిపిస్తాయి, పక్క వెలుగులో గీతలు, గుంటలు, అరగదీసిన జాడలు పైకి తేలతాయి. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. తర్వాత కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. ఫోటోలో కనపడని వంకర ఆ అచ్చులో కనపడుతుంది.

ఎక్కడ వెతకాలి

జాగ్వార్ ఈ-టైప్ ఆరు సిలిండర్లదైతే ఇంజన్ నంబర్ రెండు చోట్ల ఉంటుంది: బ్లాక్ కుడివైపు ఆయిల్ ఫిల్టర్ పైన ఒకటి, సిలిండర్ హెడ్ ముందు అంచున ఇంకొకటి. రెండూ ఒకటి కావాలి. హెడ్ ఒక్కటే వేరైతే ఎప్పుడో రిపేర్‌లో మార్చి ఉంటారు, దానికి గుండెలు బాదుకోనక్కర్లేదు. బ్లాక్ వేరైతే ఆలోచించాలి. 4.2 లీటర్ ఈ-టైప్ ఇంజన్ నంబర్ '7ఈ'తో, సిరీస్ 2 కార్లలో '7ఆర్'తో మొదలవుతుంది. ఎక్స్‌జే6 సెడాన్‌లోనూ 4.2 లీటర్ ఇంజనే వచ్చింది, చూపులకి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఈ-టైప్‌లోకి దాన్ని దించేసిన కార్లు చాలానే ఉన్నాయి. మొదటి అక్షరాలు చూస్తే దొరికిపోతుంది. నంబర్ చివర ఉండే 8 లేదా 9 కంప్రెషన్ రేషియో. దాన్ని నంబర్‌లో భాగమనుకుని సర్టిఫికెట్‌తో కలవలేదని కంగారుపడకండి.

పోర్ష 911లో వెనక ఫ్యాన్‌కి కుడిపక్కన, క్రాంక్‌కేస్ నిలువు భాగం మీద నంబర్ ఉంటుంది. 1968 నుంచి వచ్చిన ఏడంకెల నంబర్‌లో మొదటి అంకె సిలిండర్లు, రెండోది ఇంజన్ రకం, మూడోది మోడల్ సంవత్సరం. ఉదాహరణకి 1973 కరేరా ఆర్ఎస్ 2.7 ఇంజన్లు 663తో మొదలవుతాయి. టైప్ నంబర్ 911/83 వేరేగా ఉంటుంది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగాలి. ఇక్కడ చాలామంది వదిలేసే ఇంకో సంగతుంది. క్రాంక్‌కేస్ రెండు సగాలుగా ఉంటుంది. ఆ రెండింటినీ జతగా మెషినింగ్ చేసి, రెండిటి మీదా ఒకే నంబర్ వేశారు. కారు లిఫ్ట్ మీదికెక్కినప్పుడు కింద నుంచి ఆ జత నంబర్లు చూడండి. వేర్వేరుగా ఉంటే అది రెండు ఇంజన్లు కలిపి చేసిన ఒక ఇంజన్.

డాట్సన్ 240జెడ్‌లో ఇంజన్ బేలో ఉన్న ప్లేట్ మీదే ఇంజన్ నంబర్ ఉంటుంది, అదే నంబర్ బ్లాక్ మీద 'ఎల్24' పక్కన కూడా గుద్ది ఉండాలి. బ్లాక్ పక్కన పోతలో 'ఎన్42' అనో 'ఎఫ్54' అనో కనిపిస్తే అది తర్వాతి 280కి చెందిన 2.8 లీటర్ బ్లాక్. నడపడానికి బాగుంటుంది, ఆ సంగతి కాదనను. కానీ సొంత ఇంజన్ కాదు.

ఎంజీబీ దగ్గర మాత్రం జాగ్రత్త. దాని ఇంజన్ నంబర్ బ్లాక్ కుడివైపు బిగించిన చిన్న లోహపు ప్లేట్ మీద ఉంటుంది, బ్లాక్ మీద కాదు. పాత బ్లాక్ మీంచి ప్లేట్ ఊడదీసి కొత్త బ్లాక్‌కి కొట్టడం పది నిమిషాల పని. నేను మొదటిసారి చూసిన ఎంజీబీలో ప్లేట్ నంబర్ సర్టిఫికెట్‌తో అక్షరం పొల్లుపోకుండా కలిసింది. ఇంకేముంది అని మురిసిపోయి పప్పులో కాలేశాను. ఆ ఇంజన్ విప్పాక తెలిసింది, క్రాంక్‌షాఫ్ట్‌కి ఐదు మెయిన్ బేరింగులు. ఆ కారు 1963ది. ఐదు బేరింగుల '18జీబీ' ఇంజన్ వచ్చింది 1964 అక్టోబర్ నుంచి. అంతకుముందు '18జీ', '18జీఏ' రెండూ మూడు బేరింగులవే. ప్లేట్ నిజమైనదే, బ్లాక్ కాదు. అప్పట్నుంచి ప్లేట్‌ని కాకుండా దాన్ని పట్టుకున్న రివెట్లను ముందు చూస్తున్నాను. చుట్టూ పాత రంగు ఉండి రివెట్ తలలు మాత్రం తళతళలాడుతుంటే, లేదా ప్లేట్ అంచు కింద పాత ప్లేట్ నీడ కాస్త పక్కకి కనిపిస్తే, ప్లేట్ ఒకసారి ఊడిందన్నమాటే.

అరవైల నాటి ఫెరారీ 250 కుటుంబంలో ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఒకటే ఉంటాయి. అది కాక 'నుమెరో ఇంటెర్నో' అనే లోపలి నంబర్ వేరే ఉంటుంది. ఆ స్థాయి కారు మీరూ నేనూ టార్చ్‌తో తేల్చేది కాదు, ఇటలీలోని మారనెల్లో ఊళ్లో ఉన్న ఫెరారీ ఫ్యాక్టరీ కాగితాలే గతి.

ఒక్క స్టాంపుని దగ్గర్నుంచి చూద్దాం

1967 కార్వెట్, 427 ఇంజన్, 435 హార్స్‌పవర్ అని చెప్పారనుకోండి. ఇంజన్ ముందుభాగంలో, ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్‌కి కాస్త ముందు, బ్లాక్ మీద చదునుగా ఓ చిన్న జాగా ఉంటుంది. దాన్నే స్టాంప్ ప్యాడ్ అంటారు. ఆల్టర్నేటర్, పైపులు అడ్డం వస్తాయి, ఓపిగ్గా చూడాలి. అక్కడ రెండు వరసలు వెతకండి.

ఒకటి 'టీ0215జేఈ' అని ఉందనుకుందాం. 'టీ' అంటే టొనవాండా ఇంజన్ ఫ్యాక్టరీ. 0215 అంటే ఫిబ్రవరి 15న ఇంజన్ అసెంబుల్ చేశారు. 'జేఈ' అనేది 1967లో 435 హార్స్‌పవర్ ఇంజన్ కోడ్. ఇంకోటి 7తో మొదలై, కారు వరస సంఖ్య ఆరంకెలతో ముగుస్తుంది. అది ఛాసిస్ నంబర్‌తో కలవాలి.

ఇప్పుడు అసలు కిటుకు. ఈ రెండు వరసలూ ఒకే రోజు, ఒకే చోట, ఒకే చేత్తో వేసినవి కావు. మొదటిది టొనవాండాలో ఇంజన్ తయారైనప్పుడు వేశారు. రెండోది సెయింట్ లూయిస్‌లో ఇంజన్ కారులోకి వెళ్లే సమయానికి వేశారు. పంచ్‌లు వేరు, మనుషులు వేరు. కాబట్టి అంకెల సైజు, లోతు, వరస వంపు రెండింట్లో కాస్త తేడాగా ఉండటమే సహజం. రెండు వరసలూ ఒకే లోతుతో, ఒకే అక్షరాలతో, స్కేలు పెట్టి గీసినట్టు ముచ్చటగా ఉంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. నిజమైన స్టాంపులు సాధారణంగా అంత అందంగా ఉండవు.

తర్వాత అంకెల మధ్య ఉన్న ఖాళీ లోహాన్ని చూడండి. బ్లాక్ పై భాగాన్ని ఫ్యాక్టరీలో బ్రోచింగ్ అనే పద్ధతిలో చదును చేశారు. దాంతో ప్యాడ్ మీద సన్నటి, ఒకే దిక్కుకి సాగే సమాంతర గీతలు పడ్డాయి. కొత్త గ్రామఫోన్ రికార్డు మీద గాళ్లు ఎంత సన్నగా ఉంటాయో దాదాపు అంత సన్నగా, కాకపోతే తిన్నగా. స్టాంపు ఆ గీతల మీద పడింది కాబట్టి గీతలు అంకె అంచు దాకా వచ్చి ఆగి, అవతలి వైపు మళ్లీ మొదలవ్వాలి. వాటి బదులు గుండ్రటి సుడులు కనిపిస్తే ప్యాడ్‌ని మళ్లీ మెషిన్ చేశారు. అడ్డదిడ్డంగా గరుకు గీతలుంటే ఎమరీతో రుద్దారు. ప్యాడ్ మధ్యలో పల్లంగా ఉంటే పాత నంబర్ గ్రైండ్ చేశారు. చుట్టూ ఉన్న ఇనుమంతా గోధుమ రంగు తుప్పుతో ఉండి ప్యాడ్ ఒక్కటే వెండిలా మెరుస్తుంటే, ఆ మెరుపు ఎప్పటిదో అడగండి.

ఇక్కడ తొందరపడి దొంగ అని ముద్ర వేయకండి. ఇంజన్ ఓవరాలింగ్‌లో బ్లాక్ పైభాగాన్ని చదును చేయడం మామూలే. దాన్ని డెక్కింగ్ అంటారు. ఆ పనిలో నిజమైన నంబర్ కూడా చెరిగిపోతుంది. అలా పోయాక యజమాని అదే నంబర్‌ని మళ్లీ గుద్దించుకుని ఉండొచ్చు. అలాంటప్పుడు ఆ వర్క్‌షాప్ బిల్లు, చెరిపేముందు తీసిన ఫోటో ఉండాలి. ఉంటే ఒక కథ, లేకపోతే ఇంకో కథ. చెరిపేసిన అంకెల కింద లోహం పంచ్ దెబ్బకి నలిగి గట్టిపడి ఉంటుంది కాబట్టి, ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఆమ్లం పూసి పాత నంబర్‌ని పైకి తేగలరు. అది వాళ్ల పని, మీరు ప్రయత్నించకండి.

తేదీలు అబద్ధం చెప్పడం కష్టం

గుద్దిన నంబర్ తర్వాత పోతలో వచ్చిన అక్షరాలకి వెళ్లండి. ఇవి లోహం పోసేటప్పుడే అచ్చులోంచి వచ్చినవి, ఉబ్బెత్తుగా ఉంటాయి. షెవ్రొలెట్ వీ8ల్లో కాస్టింగ్ నంబర్ బ్లాక్ వెనక, గేర్‌బాక్స్ అతికే అంచు దగ్గర ఉంటుంది. అది బ్లాక్ రకం చెబుతుంది. పోత తేదీ వేరే చోట ఉంటుంది: నెలకి ఒక అక్షరం, తర్వాత రోజు, తర్వాత సంవత్సరం చివరి అంకె. 'ఏ 25 7' అంటే జనవరి 25, 1967. చివరి అంకె ఒక్కటే కాబట్టి అది 1977 కూడా కావచ్చు. అందుకే తేదీని ఎప్పుడూ కాస్టింగ్ నంబర్‌తో కలిపే చదవాలి.

ఫోర్డ్‌లో వరస తిరగేసి ఉంటుంది: సంవత్సరం, నెల, రోజు. పైగా వాళ్లు నెలల్లో 'ఐ' అక్షరం వదిలేశారు, కాబట్టి డిసెంబర్ 'ఎం' అవుతుంది. కాస్టింగ్ నంబర్ మొదట్లో 'సీ' ఉంటే అరవైలు, 'డీ' ఉంటే డెబ్బైలు, పక్కనున్న అంకె సంవత్సరం. 'సీ5' అంటే 1965కి గీసిన డిజైన్. ఆ బ్లాక్ 1965లోనే పోశారని దానర్థం కాదు, దానికి తేదీ కోడ్ చూడాలి.

ఇప్పుడు మూడు తేదీలు ఒక కాగితం మీద వరసగా రాయండి: బ్లాక్ పోత, ఇంజన్ అసెంబ్లీ, కారు తయారీ. ఈ వరస ఎప్పుడూ తిరగబడకూడదు. మన ఉదాహరణలో జనవరి 25న పోత, ఫిబ్రవరి 15న అసెంబ్లీ. కారు ఫిబ్రవరి 10న తయారైందని తేలితే ఆ స్టాంపు ఎంత అందంగా ఉన్నా ఆ ఇంజన్ ఆ కారుది కాదు. మధ్యలో ఎడం కూడా చూడాలి. కార్వెట్ పునరుద్ధరణ చేసేవాళ్లు సాధారణంగా కారు తయారీకి ముందు ఆరు నెలల లోపు తేదీల్నే ఒప్పుకుంటారు. కార్వెట్ ట్రిమ్ ప్లేట్ (కారు రంగు, లోపలి సీట్ల వివరాలుండే ప్లేట్) మీద తయారీ తేదీ చదివేటప్పుడు ఒక మెలిక ఉంది. అక్కడ 'ఏ' అంటే జనవరి కాదు, ఆ మోడల్ సంవత్సరం ఉత్పత్తి మొదలైన నెల. ఈ తేడా తెలియక మంచి కార్లను వదులుకున్నవాళ్లున్నారు.

ఓపిక ఉంటే హెడ్లు, ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఆల్టర్నేటర్, కార్బ్యురేటర్ల తేదీలు కూడా రాసుకోండి. స్టాంపు మార్చినవాడు బ్లాక్ మీదే శ్రద్ధ పెడతాడు, చుట్టూ ఉన్న చిన్నాచితకా పదింటి తేదీలూ కుదర్చడం చాలా ఖర్చుతో కూడిన పని. అన్నీ కారు తయారీకి ముందు రెండు మూడు నెలల్లో ఉంటే మనసు కుదుటపడుతుంది.

నంబర్ కలవకపోతే

అన్నిసార్లూ మోసం కాదు. రేసుల్లో ఇంజన్ పేలిపోయిన కార్లున్నాయి. వారంటీలో కంపెనీయే బ్లాక్ మార్చిన కార్లున్నాయి. షెవ్రొలెట్ అలా ఇచ్చిన బ్లాకుల మీద 'సీఈ' అని గుద్ది ఉంటుంది. బ్రిటిష్ కార్లకి కంపెనీ తరఫునే 'గోల్డ్ సీల్' పేరుతో రీకండిషన్ చేసిన ఇంజన్లు వేసేవాళ్లు, వాటికి వేరే నంబర్లుంటాయి. ఇంకా, 1968కి ముందు ముస్తాంగ్‌లలో 'కే' కోడ్ ఇంజన్ల మీద తప్ప మిగతా వాటి మీద ఛాసిస్ నంబర్ అసలు వేయనేలేదు. అలాంటి 1966 కారుకి "మ్యాచింగ్ నంబర్స్" అని ఎవరైనా అంటే, ఏ నంబరు దేనితో మ్యాచ్ అయిందో చూపించమనండి. అక్కడ తేదీలు కుదిరాయా లేదా అన్నదే అడగగలం.

ఛాసిస్ నంబర్ దగ్గరే గ్రైండింగ్ జాడలుంటే విషయం వేరు. అది ఇంజన్ సమస్య కాదు, దొంగిలించిన కారు కావచ్చు. బేరం అక్కడితో ఆపేయండి.

మిగతా సందర్భాల్లో చూసింది చూసినట్టు నాలుగు వాక్యాల్లో రాసి, ఫోటోలు జతచేసి, అమ్మేవాళ్లకి పంపండి: "బ్లాక్ రకం సరైనదే. పోత తేదీ కారు తయారీకి రెండు నెలల ముందుది. స్టాంపు నంబర్ కలిసింది, కానీ ప్యాడ్ మీద బ్రోచ్ గీతలు లేవు. డెక్కింగ్ బిల్లు చూపించగలరా?" బిల్లు వస్తే దాని మీద తేదీ, వర్క్‌షాప్ పేరు, బ్లాక్ కాస్టింగ్ నంబర్ ఉన్నాయో లేదో చూడండి. రాకపోతే, అది రెండో రకం ఇంజన్ అనుకుని, రెండో రకం ధరే చెప్పండి.